మూడో పిలుపు

గిలకలదిండి రేవులో పాత గోడౌను ముందు నల్ల చొక్కాల వాళ్ళు దిగి మూడు వారాలైనా, ఊళ్ళో ఎవరికీ వాళ్ళ పేరు పలకడానికి నోరు తిరగలేదు. తీరం కాపలాకి కొత్తగా పెట్టిన దళంలో ఇదొక ప్రత్యేకమైన జట్టట. ఓడనో నావనో ఎవరైనా తుపాకులతో బెదిరించి పట్టుకుంటే, నీళ్ళలోంచి చప్పుడు కాకుండా పైకెక్కి వాళ్ళని లొంగదీయడం వీళ్ళ పని. విమానాలు ఎత్తుకుపోయే కాలం అయిపోయి నావలు ఎత్తుకుపోయే కాలం వచ్చిందన్నమాట అని టీ కొట్టు దగ్గర నవ్వుకున్నారు. మన నావ ఎత్తుకుపోతే ఎండుచేపల వాసనకి వాడే సగం దారిలో దూకేస్తాడని ఒకాయన తేల్చేశాడు. అయితే పన్నెండు మంది జవాన్లు రోజూ తాళ్ళకి కొక్కేలు కట్టి, ఒడ్డున నిలబెట్టిన దుంగల మీదికి గప్‌చుప్‌గా పాకిపోవడం చూశాక ఆ నవ్వులు కాస్త సన్నగిల్లాయి.

జట్టుకి లాంచీ ఉంది, తుపాకులున్నాయి, గాలి కొడితే ఉబ్బే రబ్బరు పడవ ఉంది. లేనిదల్లా దారి. కృష్ణ సముద్రంలో కలిసే మొగల దగ్గర ఇసుక మేటలు ఏటా చోటు మారుస్తాయి. ఉప్పెన తర్వాతయితే నెలనెలా మారుస్తున్నాయి. వాళ్ళ పటంలో లోతు అని రాసి ఉన్న చోట కొంగలు నిలబడి ఉండేవి. అందుకని ముప్పయ్యేళ్ళుగా ఆ రేవులో లాంచీలు నడుపుతున్న నబీని సరంగుగా పిలిపించుకున్నారు. ఆరు నెలలు చూసి పర్మనెంటు చేస్తామన్నారు. యాభై రెండేళ్ళకి పర్మనెంటేమిటని నబీకి నవ్వొచ్చింది గానీ, భార్య ఇమాంబీ సంతోషిస్తుందేమోనని ఒప్పుకున్నాడు.

ఇంకో పనీ అతని నెత్తినే పడింది. నీళ్ళ మీద ఎదురైన నావని తెలుగులో కేకేయాలి. జవాన్లెవరికీ తెలుగు రాదు. ఆఫీసరు సోమేశ్వరరావుకి వచ్చు, పుట్టింది గుడివాడలోనే. కాకపోతే ఏడో ఏటనే ఊరు విడిచిన మనిషి కావడం వల్ల ఆయన తెలుగు ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉండేది. తాను కేకేస్తే రేడియోలో వార్తలనుకుంటారని ఆయనే ఒప్పుకున్నాడు.

ఆ వారం మద్రాసు నుంచి వైర్లెస్సులో కబురొచ్చింది. తుపాకులున్న నావ ఒకటి నిజాంపట్నానికీ అంతర్వేదికీ మధ్య ఎక్కడో ఒడ్డుకి చేరబోతోందని. ఇక రోజూ పొద్దున్నే గస్తీ.

మంగళవారం హంసలదీవి దిగువన మొగ దగ్గరికి వచ్చేసరికి లాంచీ ముక్కు లాంచీలో వాళ్ళకే కనిపించడం లేదు. జనవరి ఆఖరి మంచు. ఆ మంచు పైనుంచి దిగదు, నీళ్ళలోంచి లేస్తుంది. నీళ్ళు ఎక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. అందులో పోతుంటే నిద్రలో నడుస్తున్నట్టే ఉంటుంది. నబీ ఇంజను ఆపేశాడు. గడ దింపి, పైకి లాగి, కొనకి అంటిన మట్టిని వేళ్ళతో నలిపి చూశాడు. నల్ల బురదయితే కాలవ, ముతక ఇసుకయితే మేట. అలా మట్టిని అడిగి దారి తెలుసుకోవడమంటే అతనికి మొదట్నుంచీ ఇష్టం. ఈ మొగ దగ్గర మాత్రం, ఉప్పెన వచ్చిన ఈ పద్నాలుగు నెలలుగా, ఆ ఇష్టం పోయింది. గడ కొనకి ఏం తగులుతుందోనని భయంగా ఉండేది.

మంచులో ఎక్కడో తెడ్డు నావ అంచుకి తగిలి టక్కుమంది. సోమేశ్వరరావు చెయ్యెత్తాడు. జవాన్లు రబ్బరు పడవలోకి దిగారు.

నబీ రేకు బాకా నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఓహోయ్... ఎవరక్కడా?"

తెడ్డు చప్పుడు ఆగిపోయింది. పలికినవాళ్ళు లేరు. ముప్పై అంకెలు లెక్కపెట్టి మళ్ళీ పిలవాలి. మళ్ళీ పిలిచాడు. నీళ్ళు లాంచీని తడుతున్న చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. రెండుసార్లు పిలిచినా పలక్కపోతే శత్రువు కింద లెక్క, అదీ ఆర్డరు. రబ్బరు పడవ మంచులోకి జారిపోయింది. కాసేపటికి కర్ర విరిగిన చప్పుడు, ఒక మనిషి అరుపు, తర్వాత ఏమీ లేదు.

పట్టుకొచ్చిన మనిషి పాలకాయతిప్ప దైవాధీనం. ముప్పై ఏళ్ళవాడు. నావలో ఉన్నది ఒక్కడే. ఒక వల, నాలుగు పండుగప్ప చేపలు, మంచినీళ్ళ కుండ తప్ప అందులో ఇంకేమీ లేవు. కుడి మణికట్టు వాచిపోయింది. చుక్కాని రెండు ముక్కలైంది, వల నిలువునా చిరిగింది.

"పిలుపు వినిపించిందా?" అడిగాడు సోమేశ్వరరావు.

"వినిపించిందండి."

"రెండుసార్లూనా?"

"రెండుసార్లూనండి."

"మరి ఎందుకు పలకలేదు?"

దైవాధీనం నబీ వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు. "పలకలేదండి" అన్నాడు.

ఎన్ని విధాల అడిగినా అదే జవాబు. తుపాకులవాళ్ళకి దారి చూపించడానికే అక్కడ కాపు వేశాడని అనుమానం రాసుకున్నారు. శుక్రవారం మధ్యాహ్నం బందరు నుంచి పోలీసు జీపు వచ్చి తీసుకెళ్తుంది. ఈలోగా నబీ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. తాను రెండుసార్లు పిలిచాననీ, అతను విన్నాడనీ, కావాలనే పలకలేదనీ. కేసు తేలేదాకా నావ గోడౌను ముందు ఒడ్డునే ఉంటుంది. నీళ్ళు తగలని నావ నెల తిరక్కుండా పగుళ్ళిస్తుంది. ఉప్పెనలో ఇల్లూ నావా రెండూ పోయి, కూలిపని చేసి చేసి కట్టుకున్న నావ అది.

కాగితంలో అబద్ధం లేదు, అదే వచ్చిన చిక్కు. నబీ పిలిచాడు, దైవాధీనం విన్నాడు, కావాలనే పలకలేదు. ఎందుకు పలకలేదో మాత్రం కాగితంలో లేదు. దివిసీమలో నావ ఎక్కే ప్రతివాడికీ అది తెలుసు. మంచులో నీళ్ళ మీద పిలుపు వినిపిస్తే మొదటిసారి పలకకూడదు. రెండోసారీ పలకకూడదు. నీళ్ళలో పోయినవాళ్ళు తోడు కోసం పిలుస్తారు. వాళ్ళకి రెండు పిలుపులకి సరిపడా ఊపిరే ఉంటుంది. మూడోసారి పిలిచింది మనిషే. అప్పుడు పేరూ ఊరూ చెప్పి పలకాలి. తాతల నాటి మాట అది. ఉప్పెన రాకముందు సగం మంది మరిచిపోయారు. ఉప్పెన వెళ్ళాక మరిచినవాళ్ళెవరూ లేరు.

ఈ మాట ఆఫీసరుకి అప్పుడే చెప్పేయొచ్చు. చెబితే, మరి మూడోసారి ఎందుకు పిలవలేదు సరంగు గారూ అని ఆయన అడుగుతాడు. నబీ దగ్గర దానికి జవాబు ఉంది గానీ, అది నోటితో చెప్పేది కాదు.

బుధవారం సాయంత్రం నబీ గోడౌనులోకి వెళ్ళేసరికి దైవాధీనం చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు. వల కొసని కాలి బొటనవేలికి తగిలించి, ఎడం చేత్తో దారం ఎక్కించిన కర్ర సూదిని తిప్పుతున్నాడు. అలవాటు లేని చెయ్యి కావడం వల్ల నాలుగు ముళ్ళు వేస్తే రెండు జారిపోతున్నాయి. నబీ మాట్లాడకుండా ఎదురుగా కూర్చుని వల రెండో కొస బిగించి పట్టుకున్నాడు. అప్పుడు ముళ్ళు నిలిచాయి. ఇద్దరూ ఒక బారెడు వల అలా కలిపారు.

"మీ గొంతేనని తెలుసు బాబాయ్" అన్నాడు దైవాధీనం, తలెత్తకుండానే. "తెలిసినా పలకలేం గదా. మనకి తెలిసిన గొంతులే గదా పిలిచేది."

"ఆ మాట ఆఫీసరు గారికి చెప్పకపోయావా."

"పోయినోళ్ళ సంగతి ఆ నల్ల చొక్కాలోళ్ళ ముందు ఏం చెబుతాం? నవ్వుతారు. నవ్వితే మా అయ్యనీ, అన్ననీ నవ్వినట్టే." ఇంకో ముడి వేసి అన్నాడు. "మూడోసారి పిలుస్తారనుకున్నాను బాబాయ్. నోరు తెరుచుకుని కూర్చున్నాను. ఈలోగా మీద పడ్డారు."

"ఆర్డరు రెండుసార్లకేరా" అన్నాడు నబీ. ఆ మాట అన్నాక అతనికే సిగ్గేసింది. ఆర్డరు లేకపోయినా తాను పిలిచేవాడు కాదని అతనికి తెలుసు.

గురువారం పొద్దున పాలకాయతిప్ప నుంచి దైవాధీనం తల్లి పెద్దింట్లమ్మ వచ్చింది. కొడుక్కి చద్దన్నం తెచ్చి, చేత్తో ముద్దలు కలిపి పెట్టి, గిన్నె కడిగి బోర్లించి, అప్పుడు లాంచీ దగ్గరికి వచ్చింది. నబీ ఇంజను విప్పి నూనె గుడ్డతో తుడుస్తున్నాడు. ఆవిడ ఒడ్డున గొంతుక్కూర్చుని, అతను ప్రతి మరా తుడిచి వరసగా గోనె మీద పేర్చడం చాలాసేపు చూసింది.

"తమ్ముడూ, నేను గొడవకి రాలేదు" అంది. "ఉప్పెన వెళ్ళిన ఆ రోజుల్లో నీ లాంచీ ఎక్కినదాన్ని. తొమ్మిది రోజులు తిప్పావు మమ్మల్ని. ప్రతి కాలవ మలుపులోనూ ఇంజనాపి మా వాళ్ళని పిలవనిచ్చావు. అందరం అయ్యాక నువ్వు కూడా పిలిచేవాడివి. సఫియా అని."

నబీ చేతిలో గుడ్డ ఆగింది.

"మేమందరం మూడుసార్లు పిలిచాం. మూడోసారీ పలక్కపోతే ఏడ్చి, తలకి పోసుకుని ఇంటికెళ్ళాం. నువ్వు మాత్రం రెండుసార్లు పిలిచి ఇంజను వేసేవాడివి. నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు." ఆవిడ గొంతు పెంచలేదు. "మూడోసారి పిలవకపోతే, పలకలేదని ఎవరూ అనలేరు. నాకర్థమైంది. నీ బిడ్డ పదహారేళ్ళది. పిన్ని ఇంటికని ఆ నాలుగు రోజులకే మా దివికి రావాలా? కానీ తమ్ముడూ, నా పెద్దోడు ఎటూ పోయాడు. ఈ చిన్నోడు పిలిస్తే పలికేవాడు. వీణ్ణి కూడా పిలవకుండా వదిలేస్తే ఎట్టా?"

ఆవిడ లేచి, తడి గిన్నె కొంగున చుట్టుకుని బస్సుకి వెళ్ళిపోయింది. నబీ మరలన్నీ తుడిచేశాక, ఏది ఎక్కడిదో గుర్తురాక చాలాసేపు కూర్చుండిపోయాడు. ముప్పయ్యేళ్ళలో అలా ఎప్పుడూ కాలేదు.

మధ్యాహ్నం ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడు. సోమేశ్వరరావు గుడివాడ నుంచి మేనత్త పంపిన జంతికలు కాగితం మీద పోసుకుని తింటున్నాడు. రెండు నబీ చేతిలో పెట్టాడు. నబీ అవి పట్టుకునే చెప్పాల్సిందంతా చెప్పాడు. తన కూతురి సంగతి ఒక్కటి చెప్పలేదు.

ఆఫీసరు నవ్వలేదు. అదే నబీకి ఆశ్చర్యం. "మా నాయనమ్మ కూడా చీకటిపడ్డాక ఎవరైనా పిలిస్తే పలకద్దనేది" అన్నాడు. "కానీ నబీ గారూ, రిపోర్టులో నేను దయ్యాలు అని రాయలేను కదా. పైవాళ్ళు నన్ను పిచ్చాసుపత్రికి పంపిస్తారు. మీరు చెప్పింది నిజమే అయితే మూడోసారి పిలిస్తే సరిపోయేది. ఎందుకు పిలవలేదు?"

నబీ చేతిలో జంతిక విరిగింది. "పిలవలేకపోయానండి" అన్నాడు.

సోమేశ్వరరావు జంతికల కాగితం మడిచి పక్కన పెట్టాడు. "సరే. రేపు పొద్దున అదే మొగ, అదే మంచు. చప్పుడు వినపడితే మూడోసారి పిలవండి. నేను జవాన్లని ఆపుతాను. ఎవరైనా పలికితే ఈ కాగితం నా చేత్తో చింపేస్తాను. పలక్కపోతే మీరు సంతకం పెట్టాలి."

న్యాయమైన మాటే. ఇంతకన్నా న్యాయంగా ఏ ఆఫీసరూ మాట్లాడడు. నబీ జంతిక ముక్కలు జేబులో వేసుకుని బయటికి వచ్చాడు.

ఇంటికి వెళ్ళేసరికి ఇమాంబీ వసారాలో చాప మీద రోల్డుగోల్డు గొలుసులకి కొక్కేలు వేస్తోంది. పళ్ళెంలో పోసిన కొక్కేల్లోంచి ఒకటి తీసి, పట్టకారుతో నోరు తెరిచి, గొలుసు కొసకి తగిలించి నొక్కేస్తుంది. చూడకుండానే చేసేస్తుంది ఆ పని. కూతురు పుట్టిన నాటి నుంచీ ఇమాంబీ అతన్ని సఫియా అబ్బా, అంటే సఫియా నాన్నా, అనే పిలిచేది. ఉప్పెన తర్వాత ఏ పేరూ పెట్టి పిలవడం మానేసింది. అన్నం పెట్టాననేది, నీళ్ళు తోడాననేది, గాలితో అన్నట్టు.

నబీ పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాడు. రెండుసార్లే పిలిచి ఇంజను వేసిన సంగతి కూడా చెప్పాడు. పద్నాలుగు నెలల్లో ఆ మాట ఆవిడకి చెప్పడం అదే మొదలు.

పట్టకారు ఆగలేదు. మూడు గొలుసులయ్యాక ఆగింది.

"ఆ మొగ దగ్గరేనా?"

"ఆ."

"నేనూ రెండుసార్లే పిలిచాను" అంది ఇమాంబీ. "గుమ్మంలో నిలబడి. రోజూ పొద్దుగుంకాక, మగ్రిబ్ నమాజు అయ్యాక."

ఇద్దరూ ఏడ్చారు. పక్కింటివాళ్ళు వింటారేమోనని కూడా అనుకోలేదు. అన్నం తిన్నాక ఆవిడ పళ్ళెం ఎత్తిపెడుతూ అంది. "సఫియా అబ్బా, రేపు పిలిచేటప్పుడు సగం గొంతుతో పిలవకు. గట్టిగా పిలువు."

శుక్రవారం మంచు మంగళవారం కన్నా చిక్కగా ఉంది. తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని వచ్చిన నబీ ఒక్కమాటా మాట్లాడకుండా లాంచీ నడిపాడు. హంసలదీవి దాటాక ఇంజనాపి గడ దింపాడు. నల్ల బురద. లాంచీ వెనక్కి తీస్తున్న ఆటు నీళ్ళతో పాటు తనంతట తనే జారుతోంది. తెల్లటి గదిలో కూర్చున్నట్టుంది. ఎవరో పక్కగదిలో మెల్లగా నీళ్ళు ఒంపుతున్నట్టుంది. జవాన్లు ఊపిరి బిగబట్టుకుని రబ్బరు పడవలో కూర్చున్నారు.

టక్కుమంది. ఎడం వైపు.

సోమేశ్వరరావు తల ఊపాడు. నబీ బాకా ఎత్తాడు. "ఓహోయ్... ఎవరక్కడా?"

చప్పుడు ఆగిపోయింది. ముప్పై లెక్కపెట్టాడు. "ఓహోయ్... ఎవరక్కడా?"

ఏమీ లేదు. అలవాటైన జవాన్లు తాడు మీద చేతులు వేశారు. ఆఫీసరు అరచేయి చూపించి వాళ్ళని ఆపాడు.

మూడోసారికి నబీ గుండె నిండా గాలి పీల్చుకున్నాడు గానీ అది మాట కాలేదు. ఈ నీళ్ళ మీద ఒక్క పిలుపు మిగుల్చుకున్నాడు. ఆ పిలుపు తన దగ్గర ఉన్నంతకాలం పిల్ల ఏ ఊళ్ళోనో, ఏ ఆసుపత్రిలోనో, పేరు చెప్పలేక ఉందని అనుకోవడానికి వీలుండేది. ఆ వీలు మీదే ఇన్నాళ్ళూ అన్నం తిన్నాడు. ఇప్పుడు అదీ ఇచ్చేయాలి. ఎవరి కోసమంటే, గోడౌనులో ఎడం చేత్తో వల అల్లుకుంటున్న పరాయి బిడ్డ కోసం.

ఇమాంబీ గట్టిగా పిలవమంది. నబీ బాకా కింద పెట్టి, ఉత్త గొంతుతో పిలిచాడు.

"ఓహోయ్... ఎవరక్కడా?"

మంచు కాసేపు ఊరుకుంది.

"పాలకాయతిప్ప కోదండరామయ్య నావండీ. నలుగురం" అని ఎడం వైపు నుంచి పలికింది.

సోమేశ్వరరావు నిట్టూర్చే లోపు కుడి వైపు నుంచి ఇంకో గొంతు. "ఎదురుమొండి అబ్రహాముని. నేనూ మా బావమరిదీ." దాని వెనక నుంచి ఇంకోటి. "నాగాయలంక మీరా సాహెబు తెప్ప." ఆ వెనక, ఇంకా దూరంగా, "బంగార్రాజూ... ముగ్గురం..." అని. ముందు నుంచీ వెనక నుంచీ, లాంచీకి పది బారల దూరంలో ఒకటీ, వినీ వినపడనంత దూరంలో ఒకటీ, మంచు అంతా మనుషుల పేర్లతో నిండిపోయింది. అంతమంది అంతసేపూ ఊపిరి బిగబట్టి, మూడో పిలుపు కోసం కాచుకుని ఉన్నారు. తుపాకులు పట్టుకున్న జవాన్లు ఎటు తిరగాలో తెలియక చుట్టూ చూశారు. వాళ్ళలో ఒకడు తాడు మీంచి చెయ్యి తీసేశాడు.

ప్రతి గొంతుకీ నబీ గుండె లేచి కూర్చుంటోంది. ఒకసారి ఆడగొంతు వినిపించింది. అతను లాంచీ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"సత్యవతినయ్యా" అంది ఆ గొంతు. "మేట మీద గవ్వలు ఏరుకుంటన్నాం. అయిదుగురు ఆడోళ్ళం. లాంచీ ఇటు తేబాకండి."

చివరి పేరు అయిపోయాక మళ్ళీ నీళ్ళ చప్పుడు మొదలైంది.

"వీళ్ళందరూ మీ మొదటి రెండు పిలుపులూ విన్నారా?" అని అడిగాడు సోమేశ్వరరావు. ఆయన గొంతు బాగా తగ్గింది.

"విన్నారండి."

ఆఫీసరు జేబులోంచి కాగితం తీశాడు. నాలుగు ముక్కలు చేసి, నీళ్ళలో వేయబోయి, ఎందుకో ఆగి మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. జీపు రావక్కర్లేదని, ఆ మనిషికి చెయ్యి కట్టించి నావ నీళ్ళలోకి దింపించమని, కొత్త చుక్కాని కూడా చేయించమని గోడౌనుకి వైర్లెస్సులో చెప్పాడు. ఇకమీదట ఎక్కడైనా మూడుసార్లు పిలిచాకే కదలాలని హిందీలో జవాన్లకి చెప్పాడు.

ఇంజను వేయడానికి నబీ వంగుతుంటే ఆయన అన్నాడు. "నబీ గారూ, బయల్దేరే ముందు ఒకసారి చూడండి. ఇంకా ఎవరైనా ఉన్నారేమో."

నబీ నిటారుగా నిలబడి చెవి ఒగ్గాడు. మంచు పల్చబడుతోంది. నావలు ఒకటొకటిగా బూడిదరంగు నీడల్లా తేలుతున్నాయి. అతను చాలాసేపు విన్నాడు. ఆఫీసరు తొందరపెట్టలేదు.

"లేరండి" అన్నాడు నబీ. "ఉన్నవాళ్ళందరూ పలికారు."